బొట్టు పెడితే గీత పడుతుందా?

బండి మీద వంకాయలు కొనాలంటే ఒకటికి నాలుగుసార్లు తిప్పి చూస్తాం. పుచ్చుందేమోనని తొడిమ దగ్గర కళ్ళు పెట్టి మరీ వెతుకుతాం. చీరల కొట్లో అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. మడత విప్పించి, కొంగు చూసి, అంచు చూసి, గుమ్మం దాకా తెచ్చి వెలుతురులో పట్టుకుని, ఎక్కడైనా పోగు తెగిందేమో చూసుకుని గానీ బిల్లు వేయించం. పది రూపాయల కొత్తిమీర కట్టని కూడా విప్పి, లోపల కుళ్ళిన ఆకు పెట్టాడేమో చూసే మనిషిని నేను. అలాంటిదాన్ని 52,990 రూపాయలు పోసి కొన్న వస్తువుని పెట్టె కూడా విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఇంటికి తెచ్చుకున్నాను. పైగా షాపు కుర్రాడు విప్పి చూపిస్తానంటే నేనే వద్దన్నాను! నాలాగా మరొకరు ఇబ్బంది పడకూడదని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మాది తెనాలి. మావారు రైసు మిల్లులో గుమాస్తా. నేను ఇంటర్‌తో చదువు ఆపేసి కాపురానికి వచ్చినదాన్ని. మాకు ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. అబ్బాయి తొమ్మిదో తరగతి. అమ్మాయికి 2025లో ఇంజనీరింగ్‌లో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. కాలేజీ మొదలయ్యే ముందు ఒకరోజు నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ, "లాప్‌టాప్ లేకపోతే కష్టమంటున్నారమ్మా" అని మెల్లిగా నా చెవిన వేసింది. అది దేనికీ గట్టిగా అడిగే పిల్ల కాదు. అడిగిందంటే నిజంగా అవసరమనే లెక్క.

ఆ అవసరం వస్తుందని నాకు ముందే తెలుసు. అందుకే మా వీధిలో ఇరవైమందిమి కలిసి నెలకు 2,500 చొప్పున వేసుకున్న చీటీలో, ఎంత ఇబ్బంది వచ్చినా పాట పాడకుండా ఆగాను. మావారికి జ్వరం వచ్చి పదిరోజులు మిల్లుకు వెళ్ళనప్పుడు ఆగాను. వంటింటి పైకప్పు కారినప్పుడు గిన్నెలు పెట్టుకుని ఆగాను. చివరి చీటీకి పోటీ ఉండదు, కోత పడదు కదా. 50,000 నిండుగా చేతికొచ్చాయి. మిగతా 2,990 పోపుల డబ్బా తల్లి సర్దింది.

ఆగస్టు 7, గురువారం విజయవాడ వెళ్ళాం. పెద్ద షాపు. ఆ లైట్లు, ఆ చల్లదనం చూసి నేనూ మావారూ ఒక మూలన నిలబడ్డాం. మా అమ్మాయే అన్నీ మాట్లాడింది. బిల్లు వేశాక ఆ కుర్రాడు, "ఇక్కడే ఓపెన్ చేసి చూపించమంటారా మేడమ్?" అని అడిగాడు. నేను వెంటనే, "వద్దు బాబూ, రేపు వరలక్ష్మీ వ్రతం. అమ్మవారి ముందు విప్పుకుంటాం" అన్నాను. అతను నవ్వి సంచిలో పెట్టి ఇచ్చాడు. ఇందులో అతని తప్పేమీ లేదు.

మర్నాడు పూజ అయ్యాక కలశం పక్కనే పీట వేసి పెట్టె విప్పాం. ఊళ్ళో ఉన్న మా చెల్లెలికి పంపాలని మా అబ్బాయి ఫోనులో వీడియో తీస్తున్నాడు. మా అమ్మాయి బటన్ నొక్కింది. తెర వెలిగింది. నేను మూత మూయించి, పైన పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి, హారతి ఇచ్చాను. మావారు కళ్ళు తుడుచుకోవడం నేను చూడనట్టు ఊరుకున్నాను. మా రెండు కుటుంబాల్లోనూ ఒక ఆడపిల్ల చేతిలోకి కంప్యూటర్ రావడం అదే మొదలు.

తరవాత అయిదు రోజులు ఏ సంగతీ లేదు. బుధవారం సాయంత్రం ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పెడదామని దాని దగ్గరికి వెళ్ళాను. లాప్‌టాప్‌ని గోడవైపు తిప్పుకుని ఏదో రాసుకుంటోంది. వంగి చూద్దును కదా, తెరకి కుడిపక్క, అంచు నుంచి నాలుగు వేళ్ళ ఎడంలో, పైనుంచి కింది దాకా సన్నటి ఆకుపచ్చ గీత! సూదిలో దారమంత సన్నం. కానీ ఒకసారి కంట్లో పడితే ఇక అదే కనిపిస్తుంది.

"ఏమిటే ఇది?" అన్నాను.

అది మాట్లాడలేదు.

"ఏం చేశావ్? కింద పడేశావా? తమ్ముడి చేతికిచ్చావా?"

"నేనేం చెయ్యలేదమ్మా. మొదట్నుంచీ ఉంది."

"మొదట్నుంచీ ఉంటే ఇన్నాళ్ళూ నోరు ఎక్కడ పెట్టుకున్నావ్? అబద్ధాలు కూడా నేర్చావా? ఇరవై నెలలు కడుపు కట్టుకుని దాచిన డబ్బే అది!"

ఇంకా ఏమేమి అన్నానో ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. అది మూత మూసి పెరట్లోకి వెళ్ళిపోయింది. రాత్రి అన్నానికి రాలేదు. కంచంలో కలిపి తీసుకువెళ్ళాను. అప్పుడంది మెల్లిగా, "మొదటిరోజే చూశానమ్మా. చెబితే ఇలాగే అంటావని చెప్పలేదు."

ఆ మాట నాకు గుచ్చుకోలేదంటే మీరు నమ్మాలి. కోపంలో ఉన్నవాళ్ళకి ఏదీ గుచ్చుకోదు. "సరే, ముందు తిను" అని వచ్చేశాను. మనసులో మాత్రం, ఇదేదో చేసే ఉంటుంది, భయపడి దాస్తోంది అనే అనుకున్నాను.

బిల్లు తీసి చూస్తే వెనకాల చిన్న అక్షరాల్లో, లోపం ఉంటే ఏడు రోజుల్లోపు తెచ్చి మార్చుకోవచ్చని ఉంది. మర్నాటితో ఏడు రోజులు! పొద్దున్నే బస్సెక్కి షాపుకి పరిగెత్తాం. అక్కడి మేనేజరు, "మేం ఊరికే మార్చలేం, కంపెనీ సర్వీసు సెంటర్ నుంచి రిపోర్టు తేవాలి" అన్నాడు. సర్వీసు సెంటర్ ఊరికి అటుచివర. వెతుక్కుంటూ వెళ్ళేసరికి టోకెన్లు అయిపోయాయన్నారు. మర్నాడు 15 ఆగస్టు సెలవు. ఆ పైన కృష్ణాష్టమి, ఆ పైన ఆదివారం. "సోమవారం రండి" అన్నారు. ఉసూరుమంటూ ఇల్లు చేరాం.

ఆదివారంనాడు మా వెనక వీధిలో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాణ్ణి పిలిపించాం. వాళ్ళమ్మా నేనూ ఒకే గుడికి వెళ్ళేవాళ్ళం, నన్ను పిన్నిగారూ అంటాడు. "నేను విప్పను పిన్నిగారూ, విప్పితే వారంటీ పోయిందంటారు. పైపైన చూస్తాను" అన్నాడు. అతను చేసిన పరీక్షలు నాకు భలే నచ్చాయి. మనలాంటివాళ్ళం కూడా చేసుకోగలిగినవే కాబట్టి చెబుతాను.

మొదట తెరమీద ఉన్నదాన్ని లాప్‌టాప్‌తోనే ఫొటో తీసి, అంటే స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని తన ఫోనుకి పంపించుకుని చూపించాడు. ఫోనులో ఆ ఫొటోలో గీత లేదు! అంటే లోపల బొమ్మ బాగానే తయారవుతోంది, చూపించే తెరలోనే లోపం. రెండోది, మా టీవీకి ఒక వైరు కలిపాడు. టీవీలో అంతా శుభ్రంగా కనిపించింది. మూడోది, లాప్‌టాప్ ఆపి మళ్ళీ వెలిగించాడు. కంపెనీ గుర్తు ఒక్కటే నల్లటి తెర మీద కనిపిస్తుంది చూడండి, అప్పటికే గీత ఉంది. విండోస్ ఇంకా మొదలవకముందే ఉందంటే అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదన్నమాట. నాలుగోది, మూతని మెల్లిగా ముందుకీ వెనక్కీ కదిపాడు. కదిపినప్పుడు గీత పోయి వస్తూంటే లోపలి కేబుల్ వదులయ్యిందని అనుమానించాలట. మాదాంట్లో గీత కదల్లేదు, పోలేదు.

"ఒక్క గీతే ఎందుకు పడుతుంది బాబూ?" అని అడిగాను.

"ఈ తెరలో నిలువు వరసలు 1,920, అడ్డ వరసలు 1,080 ఉంటాయి పిన్నిగారూ. మొత్తం 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు ముక్కలు. వీటికి కరెంటు తెచ్చే సన్నటి తీగలు తెర అంచున అతికించి ఉంటాయి. ఆ అతుకులో ఒక నిలువు వరసకి సరిగ్గా అంటకపోతే, ఆ వరస మొత్తం ఒకే రంగులో నిలబడిపోతుంది" అన్నాడు.

నాకు వెంటనే మా మంగళగిరి మగ్గాలు గుర్తొచ్చాయి. పడుగులో ఒక్క పోగు తెగి చూసుకోకపోతే చీర పొడవునా గీత పడదూ? అచ్చం అలాగే! తెరకి దెబ్బ తగిలితే మామూలుగా సాలెగూడులాంటి పగులో, సిరా ఒలికినట్టు నల్లమచ్చో కనిపిస్తుందట. టార్చి వేసి ఏటవాలుగా చూపించాడు. అలాంటిదేమీ లేదు. అతనికి డబ్బులివ్వబోతే పుచ్చుకోలేదు. పులిహోర పెట్టి పంపాను.

అయినా నా మనసులో అనుమానం పూర్తిగా పోలేదు. పిల్ల గట్టిగా నొక్కితే మాత్రం ఆ అతుకు ఊడకూడదా అని!

18వ తేదీ సోమవారం. మా రాష్ట్రంలో ఆడవాళ్ళకి ఉచిత బస్సు 15వ తేదీనే మొదలైంది. ఆధార్ కార్డు చూపించి, అమ్మాయీ నేనూ చెరొక సున్నా టికెట్ పుచ్చుకుని విజయవాడ వెళ్ళాం. ఈసారి పొద్దున్నే చేరి టోకెన్ తీసుకున్నాం. సర్వీసు సెంటర్ అబ్బాయి లాప్‌టాప్‌ని అటూ ఇటూ తిప్పి, మూత మీద మిగిలిన కుంకుమ మరకని వేలితో రాసి, "ఇదేంటమ్మా?" అన్నాడు.

"వరలక్ష్మీ వ్రతంనాడు బొట్టు పెట్టాను బాబూ."

"అదే మరి! గట్టిగా నొక్కుంటారు. వెనక నొక్కితే ముందు ప్యానెల్ పోతుంది. ఇది ఫిజికల్ డ్యామేజ్. వారంటీ రాదు. కొత్త ప్యానెల్‌కి 11,800 అవుతుంది."

నా గుండె జారిపోయింది. "నేనేం చెయ్యలేదు బాబూ. ఊరికే వేలితో అద్దాను, అంతే" అన్నాను. "అందరూ అలాగే అంటారమ్మా" అన్నాడతను, నా మొహం కూడా చూడకుండా.

పక్కనే నిలబడిన మా అమ్మాయి నా వంక చూసింది. ఏమీ అనలేదు. అది అనాల్సిన అవసరం లేదు. 'నేనేం చెయ్యలేదు' అన్న మాట అయిదు రోజుల కింద అది నాతో అన్నదే. 'అందరూ అలాగే అంటారు' అన్నట్టే నేనూ దానికి జవాబు చెప్పాను.

అతను కాగితం మీద ఏదో రాసి సంతకం పెట్టమన్నాడు. దాన్ని జాబ్ షీట్ అంటారట. ఇంగ్లీషులో 'ఫిజికల్ డ్యామేజ్' అని ఉంది. సంతకం పెడితే ఒప్పుకున్నట్టే కదా! ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం, "పగులు ఎక్కడుందో చూపించి అది కూడా రాయి బాబూ, అప్పుడు సంతకం పెడతాను" అన్నాను. అతను తెల్లబోయాడు. పగులు చూపించలేకపోయాడు. నేనే పెన్ను తీసుకుని, 'తెర మీద పగులు గానీ మచ్చ గానీ లేదు. నేను ఈ రిపోర్టుకి ఒప్పుకోవడం లేదు' అని తెలుగులోనే రాసి, తేదీ వేసి, కింద సంతకం చేశాను. దాని నకలు తీసుకుని, లాప్‌టాప్ వాళ్ళకి అప్పగించకుండా వెనక్కి తెచ్చేసుకున్నాను. దారిలో షాపులో అడిగితే, "ఏడు రోజులు దాటిపోయాయి మేడమ్, మాకు సంబంధం లేదు" అన్నారు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఎప్పుడో మరిచిపోయాననుకున్న సంగతి ఒకటి గుర్తొచ్చింది. నాకు పెళ్ళయిన కొత్తలో మా నాన్న సారెతో పాటు మిక్సీ కొనిచ్చాడు. నెల తిరక్కుండానే ఒకరోజు పచ్చడి రుబ్బుతూంటే కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. "పుట్టింట్లో మిక్సీ మొహం చూసి ఉంటే కదా వాడటం తెలియడానికి" అన్నారు మా అత్తగారు, నలుగురి ముందూ. నేనేం చెయ్యలేదంటే ఎవరు వింటారు? బావి దగ్గర అంట్లు తోముతూ ఏడ్చాను. పదిరోజుల తరవాత మెకానిక్ విప్పి, లోపల కార్బన్లు మొదట్నుంచీ సరిగా కూర్చోలేదని చెప్పాడు. మా అత్తగారు "అలాగా" అన్నారు. అంతే. ఆ 'అలాగా' తరవాత ఇంకొక్క మాట వస్తుందేమోనని నేను చాలారోజులు ఎదురుచూశాను. రాలేదు. ఆవిడ చెడ్డమనిషి కాదు. డబ్బు పెట్టి కొన్న వస్తువు పాడైతే ముందు ఇంట్లో ఉన్న ఆడపిల్ల మీదికే చూపు వెళుతుంది. నా చూపూ అలాగే వెళ్ళింది.

ఇంటికొచ్చి జరిగింది చెబుతూంటే మా అబ్బాయి, "అమ్మా, ఆరోజు వీడియో తీశాను కదా, పిన్నికి పంపాం" అన్నాడు. నలుగురం ఆ ఫోను మీదికి వంగాం. పీట, కలశం, పెట్టె సీలు విప్పడం, అమ్మాయి బటన్ నొక్కడం. తెర నల్లగా వెలిగి కంపెనీ గుర్తు వచ్చింది. మా అబ్బాయి అక్కడ ఆపి రెండు వేళ్ళతో పెద్దది చేశాడు. కుడిపక్కన, నాలుగు వేళ్ళ ఎడంలో, సన్నటి ఆకుపచ్చ గీత! మూత మీద అప్పటికింకా పసుపూ లేదు, కుంకుమా లేదు. బొట్టు ఆ తరవాత పెట్టాను.

మావారు గట్టిగా ఊపిరి వదిలారు. మా అబ్బాయి ఎగిరి గంతేశాడు. మా అమ్మాయి మాత్రం కదలకుండా కూర్చుంది. నేను దాని పక్కకి జరిగి, "నువ్వు నిజమే చెప్పావు అమ్మడూ. నేనే నమ్మలేదు. నాదే తప్పు" అన్నాను. మా అత్తగారి నోట నేను వినాలనుకున్న మాట అది. చెప్పడానికి అంత కష్టమేమీ కాదు. ఇన్నాళ్ళూ ఏదో కొండ ఎత్తాలేమో అనుకున్నాను. అది నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. అయిదు రోజుల ఏడుపు అది.

మర్నాడు 1915కి ఫోన్ చేశాం. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఖర్చు ఏమీ లేదు, తెలుగులోనే మాట్లాడారు. ఆ అమ్మాయి ఓపిగ్గా అంతా విని, బిల్లు వివరాలు అడిగి, ఫిర్యాదు నంబరు ఇచ్చింది. హెల్ప్‌లైన్ కోర్టు కాదు, తీర్పు చెప్పదు. మన ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు రాబట్టడానికి చూస్తుంది. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళవచ్చు. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 నాటి కొత్త చట్టం ప్రకారం, వస్తువు ఎక్కడ కొన్నా సరే, మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. అయిదు లక్షల లోపు పెట్టి కొన్నదానికి ఫీజు లేదు. ప్లీడరు తప్పనిసరి కాదు. వివాదం మొదలైన రెండేళ్ళ లోపు వేయాలి. ఇ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఇంట్లోంచే వేసుకోవచ్చునట. లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే ముప్ఫై రోజుల్లో, వెనక్కి తీసుకోనని వ్యాపారి అంటే దాన్ని అన్యాయమైన వ్యాపారమనే ఆ చట్టం చెబుతుంది. మేం ఏడో రోజున షాపు గుమ్మంలో నిలబడ్డాం కదా! ఇదంతా మా అమ్మాయే ఆ గీత ఉన్న తెర మీదే చదివి నాకు చెప్పింది.

మేము కేసు దాకా వెళ్ళాల్సిన పని లేకపోయింది. ఆరు రోజుల తరవాత కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. వీడియో, బిల్లు, నేను తెలుగులో రాసిన జాబ్ షీటు మెయిల్‌లో పంపించాం. వినాయక చవితి వెళ్ళాక మళ్ళీ రమ్మన్నారు. ఈసారి ఇంకో పెద్దమనిషి చూసి, మారు మాట్లాడకుండా వారంటీ కింద రాశాడు. సెప్టెంబరు 6న కొత్త తెర వేసి ఇచ్చారు. పైసా తీసుకోలేదు. కొత్త లాప్‌టాప్ ఇవ్వలేదు, తెర మాత్రమే మార్చారు. మా తిరుగుళ్ళు, పోయిన క్లాసులు ఎవరూ ఇవ్వలేదు. అయినా 11,800 దండగ తప్పింది. తీసుకునే ముందు అక్కడే వెలిగించి, తెల్ల తెర, నల్ల తెర, రంగుల తెర పెట్టి మరీ చూసుకున్నాను. కౌంటరు అబ్బాయి నవ్వాడు. నవ్వితే నవ్వాడు. వంకాయలవాడు కూడా నవ్వుతాడు!

నా అనుభవంలో తెలిసినవి మీకోసం నాలుగు మాటలు:

లాప్‌టాప్ గానీ, ఫోను గానీ, టీవీ గానీ షాపులోనే విప్పించి వెలిగించి చూడండి. తెల్ల తెర మీద నల్ల చుక్కలు, నల్ల తెర మీద మెరిసే చుక్కలు, గీతలు కనిపించిపోతాయి. ఒకటి రెండు చుక్కలకి కొన్ని కంపెనీలు వారంటీ ఇవ్వవు కాబట్టి కొనేముందే అడగండి. పూజ కావాలంటే ఇంటికి తెచ్చాక మళ్ళీ చేసుకోవచ్చు, దేవుడేమీ అనుకోడు.

ఇంటికి తెప్పించుకున్న వస్తువైతే సీలు తీయకముందు నుంచి తెర వెలిగే దాకా ఆపకుండా వీడియో తీయండి. మా పూజ వీడియోనే మమ్మల్ని కాపాడింది.

బిల్లు వెనక చిన్న అక్షరాలు ఆరోజే చదవండి. గడువు తేదీని క్యాలెండరులో పాలవాడి లెక్క పక్కనే రాసుకోండి. లోపం కనిపిస్తే షాపువాడికి ఆరోజే రాతపూర్వకంగా, కనీసం మెసేజ్‌గానైనా తెలియజేయండి.

మీరు ఒప్పుకోని కాగితం మీద ఉత్తి సంతకం పెట్టకండి. మీ మాట మీకు వచ్చిన భాషలోనే దాని మీద రాసి, నకలు తెచ్చుకోండి.

తెరని నీళ్ళు చల్లి తుడవకండి, మెత్తటి పొడిగుడ్డ చాలు. మూత మూసేముందు పెన్ను గానీ ఇయర్‌ఫోన్ గానీ లోపల ఉండిపోయిందేమో చూడండి. తెర మూల పట్టుకుని లేపకండి. బొట్టు పెట్టాలనిపిస్తే పెట్టె మీద పెట్టండి!

చివరిగా ఒక్కమాట. ఇంట్లో ఏదైనా పాడైతే 'ఏం చేశావ్' అని కాకుండా 'ఏమైంది' అని అడగండి. మా అమ్మాయి మొదటిరోజే నా దగ్గరికి వచ్చి చెప్పగలిగి ఉంటే, మర్నాడే షాపుకి వెళ్ళి కొత్తది మార్చుకుని వచ్చేవాళ్ళం. అది రాలేకపోవడానికి కారణం నేను. మొన్న అది స్టీలు గ్లాసు కింద పడేసి సొట్ట చేసుకుని, తనే వంటింట్లోకి తెచ్చి, "అమ్మా, ఇది నేనే చేశాను" అని నవ్వుతూ చూపించింది. ఆ సొట్ట గ్లాసులోనే ఇప్పుడు నేను కాఫీ తాగుతున్నాను.